ఎవర్ని చూసి నవ్వాం?

రెండేళ్ళ క్రితం మన కాలేజీ వార్షికోత్సవంలో నేను వేసిన పాలేరు వేషం మీలో కొందరికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. "ఏటి బాబూ" అన్నానో లేదో, హాలంతా ఈలలు! శ్రీకాకుళం పల్లెలో పుట్టినవాణ్ణి, ఆ యాస నాకెవరూ నేర్పనక్కర్లేదు. ఉత్తమ హాస్యనటుడి కప్పు నాకే ఇచ్చారు.

ఆ రాత్రి బస్సు కోసం నిలబడినప్పుడు, నాటకం చూడ్డానికొచ్చిన మా నాన్న మెల్లిగా అడిగాడు: "ఒరే, ఆల్లంతా మన మాటకేనేట్రా నవ్వినారు?"

జవాబు చెప్పలేకపోయాను. కప్పు సంచిలో పెట్టేశాను.

ఆ తరువాతే గొల్లపూడి మారుతీరావు గారి ‘కళ్ళు’ నాటకం చదివాను. 1939లో విజయనగరంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, పత్రికలోనూ రేడియోలోనూ ఉద్యోగాలు చేసిన మనిషి ఆయన. 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’తో సినిమా రచనకు దిగారు. తెరమీద నటుడిగా నిలబడింది మాత్రం నలభై దాటాక, 1982లో, ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో. పడీ లేచీ నవ్వించడం ఆయన పద్ధతి కాదు. పక్కింటి పెద్దమనిషిలా కనిపిస్తూనే, మాట విరిచి పలికి, ఆ పెద్దమనిషి లోపలి కుళ్ళు బయటపెట్టేవారు. నవ్వుతూ నవ్వుతూ మనమే ఉలిక్కిపడతాం. ‘సంసారం ఒక చదరంగం’ (1987)లో ఆయన అప్పలనరసయ్య. అచ్చంగా మనవైపు పేరు! అయినా ఆ తండ్రిని చూసి ఎవరూ వెక్కిరింతగా నవ్వలేదు.

‘కళ్ళు’ గుడ్డి బిచ్చగాళ్ళ కథ. 1988లో సినిమాగా కూడా వచ్చింది. వాళ్ళలో ఒకడికి ఆపరేషన్‌తో చూపొస్తుంది. చూపొచ్చినవాడు తక్కినవాళ్ళకి దారి చూపించడు. వాళ్ళనే మోసం చేస్తాడు.

అక్కడ పుస్తకం మూసేశాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. "సదువుకున్నోడికి నాలుగు కళ్ళురా" అంటూ, ఉన్న అరెకరం తాకట్టు పెట్టి పంపాడు మా నాన్న. ఆ కళ్ళొచ్చాక నేను చేసిన మొదటి పని, ఆయన మాటని నలుగురి ముందూ నవ్వులపాలు చెయ్యడం.

మారుతీరావు గారు 2019లో పోయారు. ఒక్కసారైనా చూడలేకపోయాను.

ఈ ఏడు మళ్ళీ నవ్వించే నాటకమే వేస్తున్నాం. పాలేరూ ఉన్నాడు, యాసా ఉంది. కాని ఈసారి నవ్వు, అతనికి కూలి ఎగ్గొట్టే పెద్దమనిషి మీద. నాన్నని రమ్మని కబురు పెట్టాను. వస్తాడో రాడో తెలీదు. మిత్రులారా, ముందు వరసలో ఒక కుర్చీ మాత్రం అట్టేపెట్టండి.