ఆఖరోడి కోసం ఆగేవాళ్లు దొరికారు

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి, ముఖ్యంగా ఈ ఏడాది హాస్టల్లో కొత్తగా చేరినవాళ్లు.

మేం ముగ్గురం. ఒకరిది పెదబయలు, ఒకరిది చింతపల్లి, ఒకరిది అరకు. విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ముగ్గురిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. టైపు చేసేది ఒక్కరే అయినా మాట ముగ్గురిది, అందుకే 'మేము' అని రాస్తున్నాం.

పోయిన ఏడాది పొద్దున్నే బీచ్ రోడ్డులో పరిగెడుతుంటే, కొంతమంది సైకిళ్లు దిగి, బూట్లు మార్చుకుని, వెంటనే పరుగు అందుకోవడం చూశాం. ఇదేం ఆటన్నా అని అడిగితే ట్రయాథ్లాన్ అన్నారు. ముందు ఈత, తర్వాత సైకిలు, ఆఖర్న పరుగు. మధ్యలో బట్టలు మార్చుకునే టైము కూడా లెక్కలోకే వస్తుంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టారంట. ఒలింపిక్స్ దూరం 1.5 కిలోమీటర్ల ఈత, 40 సైకిలు, 10 పరుగు. అందులో సరిగ్గా సగం స్ప్రింట్ అనే చిన్న రేసు: 750 మీటర్లు, 20 కిలోమీటర్లు, 5 కిలోమీటర్లు.

ఆ సగం మాట వినగానే మాకు ఆశ పుట్టింది. 5 కిలోమీటర్లంటే మాకు సంతకెళ్లే దూరం. సైకిలు వచ్చు. గెడ్డలో ఈత చిన్నప్పట్నుంచీ అలవాటే. ఇంకేం కావాలి అనుకున్నాం.

మొదట వెళ్లిన గ్రూపు పేరు రాయం. వాళ్లు చెడ్డోళ్లేం కాదు. కానీ అక్కడ మాటలన్నీ సైకిలు రేటు గురించే. మాకున్నది ఒకే సైకిలు, స్కాలర్‌షిప్ డబ్బులు పడ్డాక ముగ్గురం కలిసి కొన్న సెకండ్ హ్యాండ్‌ది. "దీంతోనా?" అని ఒకాయన నవ్వాడు. ఆదివారం భీమిలి రోడ్డులో తొక్కుదామంటే మాలో అరకు వాడు వెళ్లాడు. రుషికొండ దాటాక టైరు పంక్చరయింది. ముందు పోయినవాళ్లలో ఒక్కరూ వెనక్కి తిరిగి చూళ్లేదు. జేబులో పది రూపాయలు. సైకిలు నడిపించుకుంటూ హాస్టలుకొచ్చేసరికి టిఫిన్ అయిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు మేం ఆ ఆట పేరెత్తలేదు.

మళ్లీ మొదలైంది ఒక స్విమ్మింగ్ పూల్ దగ్గర. అక్కడ పొద్దున పూట ఒక చిన్న బ్యాచి ఉందని క్లాస్‌మేట్ చెప్తే వెళ్లాం. నేర్పేది బ్యాంకులో పనిచేసే ఒక అక్క, వయసు యాభై దగ్గర. ఆవిడ సైకిలు గురించి అడగలేదు. ఈత ఎక్కడ నేర్చుకున్నారు, హాస్టలు గేటు ఎన్నింటికి తీస్తారు, పొద్దున ఏం తిని వస్తారు, ఈ మూడే అడిగారు. గేటు ఐదున్నరకి అని చెప్తే వార్డెన్ సారుతో ఫోన్లో మాట్లాడి, బ్యాచిని ఆరింటికి మార్చారు. మా ముగ్గురి కోసం పన్నెండు మంది టైము మార్చుకున్నారు.

పూల్ పొడవు 25 మీటర్లు. 750 అంటే 30 సార్లు. గెడ్డలోలాగా తల పైకెత్తి ఈదితే రెండోసారికే ఆయాసం వచ్చేసింది. తల నీళ్లలో పెట్టి ఊపిరి నీళ్లలోనే వదలాలని అప్పుడు తెలిసింది.

చింతపల్లి వాడు మాత్రం గట్టు మీదే కూర్చున్నాడు. వాడి అన్న వానాకాలంలో సంత నుంచి వస్తూ గెడ్డ దాటబోయి కొట్టుకుపోయాడు. అప్పట్నుంచి వాడు నీళ్లలో దిగలేదు. ఈ సంగతి మాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు వాడే అక్కకి చెప్పాడు. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "రిలే కూడా ఉంటుంది నాన్నా. ఒకరు ఈదుతారు, ఒకరు తొక్కుతారు, నువ్వు పరిగెత్తు చాలు" అన్నారు.

"ఊళ్లో గెడ్డ దాటేటప్పుడు రిలే ఉండదు కదక్కా" అన్నాడు వాడు.

పన్నెండు రోజులు ఆవిడ వాడితో నడుం లోతు నీళ్లలో నిలబడ్డారు. ముఖం ముంచడం, బుడగలు వదలడం, అంతే. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు వాడు ఆగకుండా ఎనిమిది సార్లు, అంటే 200 మీటర్లు వెళ్తున్నాడు.

కైలాసగిరి ఎక్కే రోజు మాత్రం లెక్క తిరగబడుతుంది. కొండ మాకు కొత్త కాదు. ముందు వెళ్లిపోతాం, మలుపు దగ్గర ఆగుతాం, అందరూ వచ్చాకే మళ్లీ కదులుతాం. ఆగమని మాకెవరూ చెప్పలేదు.

మొన్నొక ఆదివారం బ్యాచి అంతా స్ప్రింట్‌లో సగం దూరం ట్రయల్ పెట్టుకున్నాం. తలా ఒక సైకిలు ఉండాలి కాబట్టి రెండు సైకిళ్లు అప్పిచ్చారు. చింతపల్లి వాడు 375లో 200 ఈది, చెయ్యెత్తి చెప్పి బయటికొచ్చాడు. సైకిలు, పరుగు పూర్తి చేశాడు. ఆఖర్న వచ్చాడు. వాడు వచ్చేదాకా ఒక్కరూ ఇంటికి పోలేదు.

అసలు రేసు ఇంకా పరిగెత్తలేదు. ఎంట్రీ ఫీజు మా నెల ఖర్చు కన్నా ఎక్కువ. డబ్బు కూడేస్తున్నాం.

కొత్తవాళ్లకి మాకు తెలిసినవి చెప్తాం. రేసులో ఏ రకం ఈతయినా ఈదొచ్చు. అలసిపోతే తాడో, పడవో పట్టుకుని ఆగొచ్చు, దాన్ని పట్టుకుని ముందుకు జరగకూడదు అంతే. హెల్మెట్ పట్టీ బిగించాకే సైకిలు మీద చెయ్యి వెయ్యాలి. బ్రేకులు సరిగ్గా పనిచేస్తే మామూలు సైకిలుతోనే మొదలుపెట్టొచ్చు. ఆర్కే బీచ్‌లో మాత్రం ఈతకి దిగొద్దు, అక్కడ అలలు లోపలికి లాగేస్తాయి. ఎంత ఈత వచ్చినా ఒక్కరే నీళ్లలోకి వెళ్లొద్దు.

గ్రూపు ఎంచుకునేటప్పుడు ఎంత స్పీడని అడక్కండి. ఆఖరున వచ్చేవాడి కోసం ఎవరాగుతారు అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఇంకో చోటు వెతకండి.

చెల్లెళ్ల హాస్టలుకి పొద్దున పర్మిషన్ ఇంకా రాలేదు. అక్కే వాళ్ల వార్డెన్ మేడంతో మాట్లాడతానన్నారు. రావాలనుకునేవాళ్లు కింద కామెంట్‌లో మీ ఊరి పేరు రాయండి. ఈత రాదని ఆగిపోవద్దు. నడుం లోతులో మీ పక్కన నిలబడడానికి చింతపల్లి వాడు రెడీగా ఉన్నాడు.