తలకాయ లేని మా బేస్ గిటార్: కొన్న కథ, మార్చిన కథ, ఇక ముందు ఎవరిదన్న కథ



సంక్రాంతి సెలవుల్లో మేము పెట్టిన ఫోటో కింద చాలామంది చాలా అడిగారు. "ఏటిది, గిటార్‌కి తలకాయ ఏదీ?" అని కొందరు. "స్కాలర్‌షిప్ డబ్బులతో ఇలాంటివి కొంటారా?" అని ఇంకొందరు. "మన తుడుము, మోరి వదిలేసి విదేశీ వాయిద్యం ఎందుకు తమ్ముడూ?" అని ఒక పెద్దన్న. మూడూ అడగాల్సిన ప్రశ్నలే. మూడింటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాం. పోస్టు పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు డబ్బు సంగతి. మేము నలుగురం. విశాఖలో ఒకే హాస్టల్, ఒకే రూము. ఇద్దరం పాడేరు వైపు, ఒకడు చింతపల్లి వైపు, ఒకడు అరకు వైపు. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. స్కాలర్‌షిప్‌లో ఒక్క రూపాయి కూడా దీనికి పెట్టలేదు. ఇంటికెళ్లినప్పుడు కాఫీ పళ్లు కోసిన కూలి కొంత, సిటీలో పెళ్లిళ్లకి కేటరింగ్‌లో వడ్డించిన డబ్బు కొంత. ఏడు నెలలు దాచాం. ఒక్కొక్కరం 4,000, మొత్తం 16,000. సెకండ్ హ్యాండ్‌ది కొన్నాం.

బేసే ఎందుకంటే, కాలేజీ ఫెస్ట్ వస్తే మమ్మల్ని పిలిచేది ఒక్క థింసాకే. థింసా అంటే మాకు ప్రాణం, అందులో చిన్నతనమేమీ లేదు. కానీ ఆ పది నిమిషాలు అయిపోయాక పక్క గదిలో బ్యాండ్ వాళ్లు ప్రాక్టీసు చేస్తుంటే మేము గుమ్మం దగ్గరే నిలబడేవాళ్లం. వాళ్లలో గిటార్ వాయించేవాళ్లు ముగ్గురు, కీబోర్డుకి ఇద్దరు, పాడేవాళ్లకి లెక్కే లేదు. బేస్ వాయించేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ముందు నిలబడి మెరిసే పని కాదు కదా, ఎవరికీ అక్కర్లేదు. ఖాళీగా ఉన్నది ఆ ఒక్క చోటే. దాన్ని మేము పట్టుకున్నాం.

ఇక తలకాయ సంగతి. మామూలు బేస్ పొడవు దాదాపు 46 అంగుళాలు. మెడ చివర తల, ఆ తల మీద తీగలు బిగించే నాలుగు పెద్ద చెవులు. అది పట్టుకుని పాడేరు ఘాట్ రోడ్డులో నిలబడి ప్రయాణం చేయండి, తెలుస్తుంది. మాది కొలిస్తే 39 అంగుళాలు. బస్సులో మోకాళ్ల మధ్య పెట్టుకుంటాం, కిరండూల్ పాసింజర్‌లో సీటు కిందకి తోసేస్తాం, హాస్టల్లో మంచం కింద పడుకుంటుంది. అంత పొట్టిగా ఉన్నా తీగ పొడవు తగ్గలేదు. పై అంచు నుంచి బ్రిడ్జి దాకా మామూలు పెద్ద బేస్‌కి ఉన్నట్టే 34 అంగుళాలు. అందుకే సౌండులో తేడా రాదు. తగ్గిందల్లా తల, కొంచెం ఒళ్లు.

దీన్ని తీసుకొచ్చినాయన పేరు నెడ్ స్టయిన్‌బర్గర్, అమెరికాలో బ్రూక్లిన్‌లో ఉండేవాడు. ఆయన బేస్ కళాకారుడు కాదు, కుర్చీలూ బల్లలూ డిజైన్ చేసేవాడు. గిటార్లు చేసేవాళ్ల పక్కన ఒకే వర్క్‌షాపులో పని చేస్తూ 1970ల చివర్లో బేస్ మీద మనసు పెట్టాడు. తల బరువుకి బేస్ మెడ కిందకి వాలిపోతుంటే ఎడమ చేత్తో మోస్తూ వాయించాలి. చెవుల్ని తీసుకెళ్లి కింద బ్రిడ్జి దగ్గర పెడితే ఆ తలకి ఇక పనేముంది? అలా వచ్చింది ఎల్2 అనే మోడల్. చెక్క కూడా లేకుండా కార్బన్ ఫైబర్‌తో పోత పోశాడు. అప్పటిదాకా 1951 నాటి ఫెండర్ బేస్ ఎలా ఉందో దాదాపు అందరివీ అలాగే ఉండేవి. వాయించేవాళ్లకి అలవాటైపోయిన బరువు, బయటి నుంచి వచ్చినవాడి కంటికి బరువుగానే కనబడింది. ఇది చదివాక మాకు భలే ధైర్యం వచ్చింది. మేమూ బయటి నుంచి వచ్చినవాళ్లమే కదా.

కొనాలనుకునే వాళ్లకి ఇప్పుడు అసలు మాట. రంగు, బ్రాండు తర్వాత. హెడ్‌లెస్ బేస్‌లో మొదట చూడాల్సింది అది ఏ రకం తీగ తింటుందన్నది. మామూలు బేస్ తీగకి ఒక చివరే చిన్న గుండు ఉంటుంది. పాత స్టయిన్‌బర్గర్‌లకీ, వాటి పద్ధతిలో లైసెన్సు మీద చేసిన హోనర్ బీ2 లాంటి వాటికీ రెండు చివర్లా గుండ్లున్న డబుల్ బాల్ తీగలు కావాలి. సుఖమే, రెండు చివర్లూ గాడిలో పెట్టి మర తిప్పితే నిమిషంలో ఎక్కేస్తుంది. కానీ అది మామూలు షాపులో దొరకదు, ఖరీదూ ఎక్కువ. కొత్త మోడళ్లలో చాలావాటికి పైన తీగని పట్టుకునే చిన్న బిగింపు ఉంటుంది, మామూలు తీగే సరిపోతుంది. 2020లో వచ్చిన ఐబనెజ్ ఈహెచ్‌బీ వరుస అలాంటిదే. మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి మా మాట ఒకటే: మామూలు తీగలు పట్టేదే చూసుకోండి. తీగ తెగిన రోజు పక్క వీధిలో దొరకాలి.

రెండోది, బ్రిడ్జి దగ్గరున్న నాలుగు మరల్నీ పూర్తిగా ఇటు చివర నుంచి అటు చివరకి తిప్పి చూడండి. దారం అరిగిపోయి జారిందంటే ఆ బేస్ వదిలేయండి, విడి ముక్కలు దొరకడం కష్టం. బిగుసుకుపోయి ఉంటే మాత్రం భయపడక్కర్లేదు. తీగ విప్పి, మర తీసి, పాత టూత్ బ్రష్‌తో దారం శుభ్రం చేసి చిటికెడు గ్రీజు రాస్తే వెన్నలా తిరుగుతుంది.

మూడోది మెడ. ఒక తీగని మొదటి మెట్టు మీద, చివరి మెట్టు మీద ఒకేసారి నొక్కిపెట్టి ఏడెనిమిది మెట్ల దగ్గర చూడండి. తీగకీ మెట్టుకీ మధ్య సన్నటి సందు ఉంటే మంచిది. వేలు దూరేంత ఉంటే మెడ వంగిపోయింది. లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటే, అది తిరిగితే, సరిచేయొచ్చు. తిరక్కపోతే దండం పెట్టి వచ్చేయండి. ఆ తర్వాత నాలుగు తీగల మీదా ప్రతి మెట్టూ నొక్కి వినండి. అమ్మేవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, డబ్బు మనది.

మాది చూస్తే, డబుల్ బాల్ రకం. పైన తలే లేదు కాబట్టి కంపెనీ పేరు రాసే చోటు కూడా లేదు, ఒంటి మీద రాసింది ఎప్పుడో చెరిగిపోయింది. లోపల బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ చచ్చిపోయి ఉంది. అన్నీ చూసే, మాట్లాడుకునే, బేరమాడే తీసుకున్నాం. మెడ తిన్నగా ఉంది, మరలు బాగున్నాయి. మిగతావి మనం చేసుకోగలమని లెక్క.

తీగల కోసం ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకెళ్లి ఇత్తడి దిమ్మ చేయించాం. నాలుగు రంధ్రాలు, ఒక్కోదానికి ఒక అలెన్ స్క్రూ. బేస్‌లో లావు తీగ ఇ, 0.105 అంగుళం, అంటే దాదాపు 2.7 మిల్లీమీటర్లు. అందుకని 3 మిల్లీమీటర్ల రంధ్రాలు. ఒక్కో తీగ లాగుడు చాలా గట్టిగా ఉంటుంది, చెక్క దిమ్మ ఆగదు. గుండున్న చివర బ్రిడ్జి దగ్గర పెట్టి, రెండో చివర దిమ్మలోంచి లాగి స్క్రూ గట్టిగా బిగించాక, మిగిలిన తీగని ముందు లంబంగా వంచి ఆ తర్వాతే కోయాలి. వంచకుండా కోస్తే పైన చుట్టిన సన్న తీగ లోపల వదులైపోయి సౌండు చచ్చిపోతుంది.

ప్రీయాంప్ మా హాస్టల్‌లోనే ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివొచ్చిన తమ్ముడు తీసేశాడు. పికప్ నుంచి వాల్యూమ్‌కి, వాల్యూమ్ నుంచి జాక్‌కి, రెండే వైర్ల దారి. పికప్‌కి సొంతంగా బ్యాటరీ అక్కర్లేని రకం కాబట్టి కుదిరింది. ఇప్పుడు 9 వోల్టుల బ్యాటరీ ఖర్చు లేదు.

ఒళ్లు చిన్నది కావడంతో కూర్చుంటే తొడ మీద జారిపోయేది, నిలబడితే బెల్టు పట్టేచోటు సరిగ్గా లేక మెడ దూరంగా పోయేది. మాలో ఒకడి చిన్నాన్న వడ్రంగి. పనస చెక్కతో రెండు ముక్కలు చెక్కిచ్చారు. ఒకటి తొడ మీద ఆనేది, ఇంకోటి బెల్టు గుండీని పన్నెండో మెట్టు దాకా ముందుకి జరిపేది. పసుప్పచ్చని పనస చెక్క నల్లటి ఒంటి మీద భలేగా కనబడుతుంది. ఫోటోలో మీరు "అదేటి కొమ్ము?" అని అడిగింది దాన్నే.

ఇక పెద్దన్న ప్రశ్నకి. అన్నా, మేము తుడుము వదల్లేదు, మోరి వదల్లేదు. సంక్రాంతికి దీన్ని ఊరికి తీసుకెళ్లాం. చిన్న బ్యాటరీ యాంప్ పెట్టి తుడుము పక్కన కూర్చున్నాం. మొదట కుదరలేదు. మోరి ఊదే తాత స్వరం ఫోన్ ట్యూనర్‌లో చూస్తే ఏ అక్షరం మీదా నిలబడలేదు, రెండింటి మధ్యలో ఉంది. మోరికి రంధ్రాలు కోసిందే లెక్క, దాన్ని మనం మార్చలేం, మార్చమని అడగడం మర్యాదా కాదు. బేస్‌నే మార్చాం. తలకాయ లేని బేస్ గొప్పతనం అక్కడ తెలిసింది. మరలు కుడి చెయ్యి పక్కనే ఉంటాయి, దారం సన్నం, ఎంత తిప్పితే అంత కొంచెమే కదులుతుంది. వాయిస్తూ వాయిస్తూనే తాత స్వరం దగ్గరికి వెళ్లిపోయాం. ఊదే కొద్దీ మోరి కాస్త పైకెళ్లింది, మేమూ వెనకే వెళ్లాం. ఒక్క తీగ, ఒకే స్వరం, తుడుము దెబ్బ పడే చోటే. ఆడేవాళ్ల అడుగు ఎక్కడా తడబడలేదు. అయిపోయాక తాత దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది తుడుముకి తమ్ముడిలాగుందిరా" అన్నారు. ఫెస్ట్‌లో థింసా వేరు, బ్యాండ్ వేరు అనే గోడ ఉంది కదా, మా వరకు అది ఆ రాత్రి కూలింది.

ఇప్పుడు ఈ పోస్టు రాయడానికి అసలు కారణం. మా నలుగురిలో ముగ్గురికి ఈ ఏడాదితో డిగ్రీ అయిపోతుంది. మార్పులన్నీ చూసి ఒకాయన 20,000 ఇస్తానన్నాడు. అదే వారంలో మాలో ఒకడికి కోచింగ్ ఫీజు కట్టాల్సొచ్చింది. అమ్మితే తలా 5,000 వస్తుంది. ఆ రాత్రి రూములో ఎవరూ నిద్రపోలేదు. అమ్మేద్దామని ముందు అన్నది వాడు కాదు, మిగతా మేమే. వద్దన్నది వాడు. "మనం వచ్చినప్పుడు ఇక్కడ ఏమీ లేదు, మన వెనక వచ్చేవాళ్లకి కూడా ఏమీ లేకుండా పోతామా?" అన్నాడు. చివరికి మిగతా ముగ్గురం రెండు నెలలు కేటరింగ్‌కి వెళ్లి 5,000 వాడి చేతిలో పెట్టాం. మొహమాటపడ్డాడు, తీసుకున్నాడు, ఫీజు కట్టాడు. బేస్ హాస్టల్‌లోనే ఉంటుంది.

దానికి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. రేకు డబ్బాలో మూడు అలెన్ కీలు, గ్రీజు, ఒక పాత తీగల సెట్టు, ఒక నోటుబుక్కు. తీసుకున్నవాళ్లు బుక్కులో రాయాలి. వాయించేవాళ్లు నెలకి 20 రూపాయలు తీగల కోసం వేయాలి. రాత్రి తొమ్మిది దాటితే హెడ్‌ఫోన్సే. ఆదివారం మొత్తం గర్ల్స్ హాస్టల్ చెల్లెళ్లది. వాళ్లలో ఒకరు మూడు నెలల్లోనే మమ్మల్ని దాటేశారు, వచ్చే ఫెస్ట్‌కి వాయించేది తనే. కొత్తగా నేర్చుకునే ఎవరైనా ముందు తీగ మార్చడం నేర్చుకోవాలి, ఆ తర్వాతే పాట. విప్పి బిగించడం వచ్చినవాళ్ల చేతిలో వస్తువు పాడవదు.

దీన్ని మేము కొన్న రోజు కంటే, మొదటిసారి మొత్తం విప్పి మళ్లీ బిగించి, అది పలికిన రోజు మాదనిపించింది. మీ హాస్టల్‌లో కూడా నలుగురు కలిస్తే గిటార్ కావొచ్చు, డ్రమ్ కావొచ్చు, మోరి కావొచ్చు, ఏదో ఒకటి కొనండి. కొనే ముందు తీగలు ఎక్కడ దొరుకుతాయో, ఎవరు బాగుచేస్తారో కనుక్కోండి. ఇత్తడి దిమ్మ కొలతలు కావాలంటే కింద అడగండి, కాగితం మీద గీసి ఫోటో పెడతాం. మోరి చేసే పెద్దవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటే మాకు చెప్పండి. వేసవిలో వచ్చి దగ్గర కూర్చుని నేర్చుకోవాలని ఉంది.