భోజనాల బల్లమీద బుట్టదీపం

మా పాల్వంచ ఇంటి హాల్లో ఏ దీపం వేలాడదీయాలన్నది తేలేసరికి నాలుగు నెలలు పట్టిందంటే మీరు నవ్వుతారు. ఇల్లు కట్టుకున్నవాళ్ళు మాత్రం నవ్వరు లెండి. గోడల రంగు మీద ఆలుమగలు రెండు రోజులు పోట్లాడుకుని ఊరుకుంటారు గాని, దీపం దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ మొదలుకొని పాలవాడిదాకా అందరూ సలహాదారులే.

హైదరాబాదు నుంచి మా ఆడబడుచు ఫోనులో ఒక బొమ్మ పంపింది. మూడు అంతస్తుల గాజు షాండ్లియరు. "ఇది పెట్టావంటే మీ హాలు జమీందారు దివాణంలా ఉంటుంది వదినా!" అంది. మావారికీ అదే నచ్చింది. ఆయన ముప్ఫై ఏళ్ళు థర్మల్ స్టేషనులో పనిచేసి రిటైరయ్యారు. 1966లో మొదలైన ఆ పాత స్టేషను 2020లో మూతపడింది. 2024 ఆగస్టులో దాని కూలింగు టవర్లను పడగొడుతుంటే డాబా ఎక్కి చూసొచ్చి, ఆ రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నారు. అన్నేళ్ళు ఊళ్ళకు వెలుతురు పంపిన మనిషి ఇంట్లో ఒక్క గొప్ప దీపం ఉండకూడదా అని ఆయన మనసులో మాట. కాదనడానికి నాకు నోరు రాలేదు.

కాని మా అత్తగారి సంగతి వేరే ఉంది. ఆవిడకు ఎనభై రెండేళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. కొత్త ఇంట్లోకి వచ్చాక రోజూ దీపాలు వేసే వేళకు ఆవిడ హాల్లోంచి లేచి, తన గదిలో చీకట్లో కూర్చుంటున్నారు. అడిగితే జపమనేవారు. ఇదివరకు ఏ జపమూ చీకట్లో చేసిన మనిషి కాదు. ఒకనాటి సాయంత్రం పక్కన కూర్చుని మెల్లిగా అడిగాను.

"ఏం చెప్పమంటావే అమ్మాయ్! పైనున్న దీపాలు కళ్ళలో గుచ్చుకుంటాయి. కిందికి చూస్తే బియ్యంలో రాయి కనపడదు. చీకటే నయం. వాడితో అనకు, బోలెడు డబ్బు పోసి కట్టాడు."

ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చుని టీవీ చూస్తుంటే, ఆ ఇంటికి పెద్దదిక్కు చీకట్లో ఉండడమేమిటి! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కంటి డాక్టరుగారు విడమరిచి చెప్పారు. ఇరవయ్యేళ్ళ వాళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురులో మూడోవంతే అరవయ్యేళ్ళ వాళ్ళకు చేరుతుందట. అందుకని పెద్దవాళ్ళకు వెలుతురు ఎక్కువే కావాలి, బల్బు మాత్రం కంటపడకూడదు. అంటే బల్బును కప్పే గొడుగు కావాలి. అది చేసే పనిమీదికి దిగి ఉండాలి. భోజనాల బల్లకైతే పైన 30 నుంచి 36 అంగుళాల ఎత్తు చాలు. ఈ లెక్కన గాజు షాండ్లియరు మొదటి పరీక్షలోనే తప్పింది. దానికున్నవన్నీ బోడి బల్బులే. పైగా ప్రతి గాజుముక్కా ఓ చిన్న బల్బై మెరుస్తుంది. ఇక దాన్ని తుడిచేది ఎవరండీ? బొమ్మ పంపినవాళ్ళు వచ్చి తుడవరు గదా!

ఆ వారమే అత్తగారిని భద్రాచలం తీసుకువెళ్ళాను. గోదావరి వంతెన ఎక్కేసరికి ఆవిడకు హుషారొచ్చింది. 1965లో ఈ వంతెన రాకముందు, కొత్త పెళ్ళికూతురుగా తాను పడవలో దాటానని, పడవవాడి లాంతరు ఒక్కటే వెలుగని చెప్పుకొచ్చారు. తిరుగుదారిలో రోడ్డు పక్కన మేదరాయన చేటలు అల్లుతున్నాడు. ఆవిడ ఓ బుట్ట ఎత్తి తలకిందులుగా పట్టుకుని, "దీని లోపల దీపం పెడితేనో?" అన్నారు. నా నాలుగు నెలల తలనొప్పి అక్కడ తీరింది.

అతనికి విషయం అర్థమయ్యేలా చెప్పడం కష్టం కాలేదు. పక్కల నుంచి బల్బు కనపడకుండా చేటలాగా దగ్గరి నేత, అడుగు పూర్తిగా తెరిచి, పైన వేడి పోవడానికి సందు. పాత 60 వాట్ల బల్బు అయితే వెదురు దగ్గర పెట్టడానికి భయపడేదాన్ని, దాని కరెంటులో చాలాభాగం వేడికే పోయేది. ఇప్పటి 9 వాట్ల ఎల్.ఇ.డి. వెలుతురులో దానికి తీసిపోదు, వేడి బహు తక్కువ. పసుపు ఛాయది ఎంచుకున్నాను. బరువు కరెంటు తీగమీద పడకుండా మావారు శ్లాబులో కొక్కెం వేయించి, గొలుసుకు కట్టారు. ఫ్యాను రెక్కలకు పైన దీపం ఉంటే నీడలు గిరగిర తిరుగుతాయని, బల్లనే ఫ్యాను కింద నుంచి పక్కకు జరిపించారు. షాండ్లియరు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు సాయంత్రమయ్యేసరికి అత్తగారు చేట పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చేస్తున్నారు. రాళ్ళు ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతున్నారు సుమండీ! నేను చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాను.

శ్రావణంలో వచ్చిన మా ఆడబడుచు దీపం కింద అరగంట కూర్చుని, తనకూ అలాంటివి రెండు కావాలంది. మేదరాయన ఒప్పుకోలేదు.

"వానల్లో కొట్టిన బొంగు పుచ్చుతదమ్మా. దాంట్ల తీపి ఉంటది, పురుగు పడతది. చలికాలం మూడేండ్ల బొంగు తెచ్చి, నీళ్ళల్ల నానేస్తే ఆ తీపి పోతది. మీకిచ్చింది నిరుటి సరుకు, అది అయిపోయింది."

బొంగు దొరకడమూ అంత సులువు కాదట. వెదురు గడ్డిజాతిదే అయినా 1927 నాటి అటవీ చట్టం దాన్ని చెట్ల లెక్కలో రాసింది. 2017లో గాని అడవి బయట పెరిగే వెదురును ఆ లెక్కలోంచి తీసెయ్యలేదు. అడవిలో వెదురుకు ఇప్పటికీ అడగాల్సినవాళ్ళను అడగాల్సిందే. ప్లాస్టిక్ చేటలు వచ్చాక తన బేరం సగం పడిపోయిందని చెబుతూ కూడా, పచ్చి బొంగుతో అల్లి సొమ్ము చేసుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. బయానా ఇస్తానన్నా పుచ్చుకోలేదు.

"సంక్రాంతికి రాండ్రి, అల్లి పెడత" అన్నాడు. వస్తామని చెప్పి, ఈలోగా అత్తగారికి ఇంకో చేట కొన్నాను.