లక్క ఇల్లు, నాలుగు చక్రాలు

చిట్యాల కూడా దాటలేదు. వెనక నుంచి అమ్మ "ఒరే, ఒకసారి ఆపు" అంది. అద్దంలో చూస్తే చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉంది. దాబా ముందు ఆపి తలుపు తీశా. దిగి, ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చుకుని, చెట్టు కింద నులక మంచం మీద అరగంట కూర్చుంది. హైదరాబాద్ నుంచి తునికి ఐదొందల కిలోమీటర్ల పైచిలుకు అనుకున్న ప్రయాణం వంద కూడా కాకుండానే ముగిసింది.

ఆ వ్యాన్ తయారుచేసిందే అమ్మ కోసం. ఆమెకి ఆయాసం. ఏసీ బస్సు పడదు, లాడ్జి గదుల్లో కొట్టే రూమ్ ఫ్రెషనర్ అసలే పడదు. అందుకని పుట్టిల్లు తునికి వెళ్లి ఆరేళ్లయింది. నేనేమో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, ఏ సమస్యకైనా ఏదో ఒకటి కట్టేయాలన్న జబ్బు ఉన్నవాణ్ని. సెకండ్ హ్యాండ్ టెంపో ట్రావెలర్ కొని, ఐదు నెలల వీకెండ్లు ధారపోసి మంచం, సామాన్ల పెట్టెలు, మడత బల్ల, గోడలకి ప్లైవుడ్ పలకలు బిగించా. (ఆర్టీవోలో మార్పులు రాయించుకున్న కథ వేరే. అది చెప్తే మీరు వ్యాన్ ఆశ వదులుకుంటారు.) వైరింగ్, బ్యాటరీ అన్నీ నేనే చూసుకుని, పాలిష్ మాత్రం ఒక షాపుకి వదిలేశా. "గ్లాస్ ఫినిష్ సార్, మెలమైన్" అన్నారు. నిజంగానే అద్దంలా మెరిసింది. నాలుగు రోజులు ఆరబెట్టి, ఏప్రిల్ ఎండలో బయల్దేరాం.

నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఏంటంటే, మెలమైన్ పాలిష్ గట్టిపడటానికి అందులో యాసిడ్ కలుపుతారు. అది ఆరేటప్పుడే కాదు, ఆరాక కూడా కొన్నాళ్లు ఫార్మాల్డిహైడ్ వదులుతూనే ఉంటుంది. ఇంట్లో అల్మారాకైతే కిటికీలు తీస్తాం, ఫ్యాన్ వేస్తాం, సరిపోతుంది. వ్యాన్ అంటే చుట్టూ చెక్క, మధ్యలో మనిషి. తలుపులు వేస్తే చిన్న డబ్బా. వేడి పెరిగేకొద్దీ చెక్కలోంచి, పాలిష్‌లోంచి వచ్చే గ్యాసూ పెరుగుతుంది. అంటే నేను అమ్మని కూర్చోబెట్టింది బండిలో కాదు.

పలకలన్నీ ఊడదీశా. కొత్త ప్లైవుడ్ తెచ్చి, ఈసారి ముందు పరీక్ష పెట్టా. అరచేయంత ముక్కలు ఐదు. ఒకదానికి మెలమైన్, ఒకదానికి రెండు డబ్బాలు కలిపి వేసే పీయూ, ఒకదానికి అవిసె నూనె, ఒకదానికి నీళ్లతో పలుచన చేసే పీయూ. ఐదోది ఉత్త చెక్క, పోలిక కోసం. పది రోజులు ఆరాక ఒక్కోటి ఒక్కో ఊరగాయ సీసాలో మూతపెట్టి, రోజంతా డాబా మీద ఎండలో ఉంచి, సాయంత్రం మూత తీసి వాసన చూశా. సీసాల గురించి అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయలేను.

మెలమైన్ సీసా తీస్తే కళ్లు మండాయి. పీయూది ఘాటైన థిన్నర్ వాసన. అవిసె నూనె వాసన చెడ్డది కాదు గానీ పోదు, వారాలు పడుతుంది. పైగా ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు, విడదీసి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచాలి. నీళ్ల పీయూ కొత్త నోటుబుక్కు తెరిచినంత వాసన, అంతే. ఆశ్చర్యం ఐదో సీసాది. ఏమీ వేయని ఉత్త ప్లైవుడ్డే ముక్కు చిట్లించేలా ఉంది. పొరలు అతికించిన జిగురు అది. అంటే నేను వెతకాల్సింది వాసన లేని పాలిష్ ఒక్కటే కాదు, చెక్క వాసనని లోపలే బంధించే పాలిష్.

ఇంకో మాట. డబ్బా మీద 'లో ఓడర్' అని ఉంటే మురిసిపోకండి. ముక్కుకి తగలదని మాత్రమే దానర్థం, గాల్లోకి ఏమీ రాదని కాదు. లీటరుకి వీఓసీ ఎన్ని గ్రాములో చూడండి. అది రాయని డబ్బా నేను కొనలేదు.

ఇదంతా వింటూ బీరకాయ చెక్కు తీస్తున్న అమ్మ తలెత్తకుండా అంది: "మా చిన్నప్పుడు ఏటికొప్పాక లక్కపిడతలు నోట్లో పెట్టుకుని ఆడేవాళ్లం. వాటికి ఏ వాసనా ఉండేది కాదురా."

తర్వాతి నెల ఆఫీసు పని మీద విశాఖ వెళ్లా. ఒక రోజు మిగుల్చుకుని, తుని వైపు వెనక్కి వచ్చి, హైవే మీద అడ్డరోడ్డులో దిగి ఆటో ఎక్కా. చెరకు తోటలు, వరాహ నది, ఊళ్లోకి రాగానే లేత్ మిషన్ల గిర్రుమనే చప్పుడు. 2017లో జీఐ గుర్తింపు వచ్చిన బొమ్మలు ఇక్కడివే. మధ్యలో రసాయన రంగులు చొరబడితే, మళ్లీ చెట్ల రంగుల వైపు తిప్పినవారిలో ముఖ్యులు సి.వి. రాజు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది.

నేను కూర్చున్న షెడ్డులో ఒక పెద్దాయన అంకుడు కర్రని లేత్‌కి బిగించి బొంగరం తీస్తున్నారు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి ఆనించారు. బ్రష్ లేదు, థిన్నర్ లేదు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి పట్టుకుంది. తర్వాత మొగలి ఆకు పెట్టి ఒత్తితే మెరుపు. బొంగరం చేతిలో పెట్టారు, ఇంకా గోరువెచ్చగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నా. ఏమీ లేదు.

వ్యాన్ సంగతి చెప్పా. ఫొటోలు చూసి నవ్వారు. "బాగుంది బాబూ. కానీ ఎండలో నిలబెడితే మెత్తబడిపోద్ది. మా బొమ్మలే ఎండలో పెట్టొద్దని చెప్తాం."

నాకున్న సగం ఉత్సాహం అక్కడే దిగింది. ఆయన మాట నిజమే. లక్క 75 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు ముందే జిగటగా అవుతుంది. మే నెలలో మూసిన బండిలో డాష్‌బోర్డు 70 దాటడం మామూలే. వేడి నీళ్లు పడితే తెల్ల మచ్చ కూడా వస్తుంది. మరోపక్క, చెక్క వాసనని లోపలే ఆపడంలో లక్కకి మంచి పేరుంది. ఆ రాత్రి తిరుగు రైల్లో దారి తోచింది: అడుగున లక్క, పైన నీళ్ల పీయూ. గట్టిదనం పైదానిది, కాపలా కిందదానిది.

బేగంబజార్లో లక్క రేకులు దొరికాయి, చపడా అంటే ఇస్తారు. లీటరు స్పిరిట్‌కి 200 గ్రాములు. లక్కలో సహజంగా కాస్త మైనం ఉంటుంది, దాని మీద నీళ్ల పీయూ సరిగా పట్టదు. అందుకని సీసాని కదపకుండా ఉంచి, మైనం అడుక్కి దిగాక పైన తేరిన నీటినే వాడా. రెండు పూతలు, ముఖ్యంగా కోసిన అంచులకి, ఎందుకంటే ప్లైవుడ్ ఎక్కువ ఊపిరి వదిలేది అక్కడే. పనంతా బండి బయట, మాస్కుతో, దగ్గర్లో నిప్పు లేకుండా. స్పిరిట్ విషం, మంట రెండూ. జులై ముసురులో వేసిన మొదటి పలక తెల్లగా పాలిపోయింది, తేమ పట్టి. వాన తెరిపిచ్చేదాకా ఆగి మళ్లీ వేశా. పీయూ మూడు పూతలు. రెండు గంటల్లో చేతికి అంటదు గానీ పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మొదటిసారి నేను ఇవ్వనిది ఆ టైమే.

బిగించాక తలుపు వేసుకుని మధ్యాహ్నం రెండు గంటలు నేనే పడుకుని చూశా. ఆ తర్వాతే అమ్మని పిలిచా. విషయం విని, "అయితే లక్క ఇల్లు కట్టావన్నమాట. పురోచనుడివి నువ్వేనా?" అంది.

కార్తీకంలో బయల్దేరాం. చిట్యాల వచ్చేసరికి నా చూపు రోడ్డు మీద కంటే అద్దంలోనే ఎక్కువుంది. అమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. రాజమండ్రి దగ్గర టీకి ఆగాం, అన్నవరంలో వ్రతం చేయించాం, చీకటి పడేసరికి తుని. ఇన్‌హేలర్ సంచిలోంచి బయటికి రాలేదు. కిటికీ రెండంగుళాలు తెరిచే ఉంచాననుకోండి, పూతని నమ్మి గాలిని మూసేయకూడదు.

ఒకే ఒక్క లోపం. మడత బల్ల అంచుకి పీయూ వేయడం మర్చిపోయా, అక్కడ ఉత్త లక్కే ఉంది. రాజమండ్రిలో అమ్మ సరిగ్గా అక్కడే వేడి టీ గ్లాసు పెట్టింది. గుండ్రంగా తెల్ల మచ్చ. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో మెల్లగా రుద్దితే పోతుంది, ఐదు నిమిషాల పని. వచ్చే ఆదివారం చేస్తానని మూడు నెలలుగా చెప్తున్నా. అమ్మ ఇప్పుడు గ్లాసు ఆ మచ్చ మీదే పెడుతోంది.