ఈ దసరాకు ములుగు దారి

దసరా సెలవుల్లో వారం రోజులు కారేసుకుని తిరుగుదామంటే ఇంట్లో అందరూ ఊటీ అంటున్నారు. నేను మాత్రం హన్మకొండ నుంచి ములుగు దారి పడదామంటున్నాను. వానాకాలం వెళ్లగానే లక్నవరం చెరువు నిండుగా ఉంటుంది, బొగత జలపాతంలో నీళ్లు ఇంకా దూకుతుంటాయి. తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో ఆ రోడ్డు మీద వెళ్లడమే ఒక పండగ. ఆపైన కాళేశ్వరం, చివర్న పాఖాల.

రామప్పకు మాత్రం ఒక పూటంతా ఉంచాలి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. చాలామంది ఫొటో దిగి వెళ్లిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. చూరు కింద ఆ నల్లరాతి మదనికలను ఒక్కొక్కరినీ ఆగి చూడాలి. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు కూడా చెక్కారు! పిల్లలకు అవన్నీ దగ్గరుండి చూపించాలని ఉంది.

ఏటూరునాగారం వైపు రాత్రి బసకు ఎక్కడ బాగుంటుందో, ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.