వినబడని ధ్వని

గత సంవత్సరము మేము ముగ్గురము ప్రయోగశాలలో నొక బల్లకడ నిలిచి, తుత్తునాగపు ముక్కలపై ఆమ్లము పోసి ఉదజని వాయువును తయారుచేసితిమి. దానికి మండుచున్న పుల్ల చూపినచో టప్పుమని మ్రోగవలెనని పుస్తకమున నున్నది. మా నాళిక మ్రోగలేదు. అయినను “ధ్వని వినబడినది” అని వ్రాసి మార్కులు పొందితిమి. ఇటీవల లోహరూపమైన ఉదజనినిగూర్చి చదువుచుండగా ఆ వాక్యము జ్ఞప్తికి వచ్చి మాకు సిగ్గు కలిగినది.

ఉదజనిలో పరమాణువులు రెండేసి జంటగూడి, తమ ఎలక్ట్రానులను తమకడనే బంధించుకొని యుండును. మితిమీరిన ఒత్తిడిచే ఆ జంటలు విడిపోయి, సోడియమునందువలె ఎలక్ట్రానులు స్వేచ్ఛగా సంచరించుననియు, ఉదజని లోహమగుననియు 1935లో విగ్నరు, హంటింగ్టను అను శాస్త్రజ్ఞులు ఊహించిరి. వాతావరణపు ఒత్తిడికి దాదాపు 2,50,000 రెట్లు చాలునని వారి లెక్క. ప్రయోగములలో అది చాలలేదు. బృహస్పతి గర్భమున ఇట్టి ద్రవలోహమున్నదనియు, ఆ గ్రహపు అయస్కాంతశక్తికి అదియే మూలమనియు పండితులు తలంచుచున్నారు. అచటికి దిగి చూచుట అసాధ్యము గనుక, రెండు వజ్రముల మొనల నడుమ ఉదజనినుంచి నొక్కుచున్నారు.

2017లో హార్వర్డు విశ్వవిద్యాలయమున సిల్వెరా, డయాస్ అనువారు 495 గిగాపాస్కలులకడ, అనగా వాతావరణపు ఒత్తిడికి దాదాపు 49 లక్షల రెట్లకడ, ఉదజని లోహమువలె మెరసినదని ప్రకటించిరి. ఒత్తిడి కొలత సరియేనా, మెరసినది ఉదజనియేనా యని ఇతరులు సంశయించిరి. అంతలో వజ్రము పగిలి నమూనా పోయినది. మరల చూపుటకేమియు మిగులలేదు. 2020లో ఫ్రాన్సుదేశమున లూబేర్, ఒచ్చెల్లి, ద్యూమా అనువారు, 425 గిగాపాస్కలులకడ ఉదజని పరారుణకాంతిని హఠాత్తుగా అడ్డగించుట కనుగొనిరి. అయినను తమ వ్యాసపు పేరునందే “సంభావ్యమైన” అను మాటను చేర్చిరి.

ఆ యొక్క మాట మాకు గురువైనది. అంత శ్రమపడియు వారు చూచినదానికంటె అధికము చెప్పలేదు. మేము ఒక నిమిషములో లేని ధ్వనిని పుట్టించితిమి!

మేము ఉపాధ్యాయులవారికి నిజము విన్నవించితిమి. వారు కోపింపక, “మరల చేయుడు” అనిరి. ఈమారు నాళికను బోరగించి వాయువును పట్టితిమి, టప్పుమని మ్రోగినది. మొదట నాళికమూతిని పైకి పట్టుటచే తేలికయైన వాయువు ఎగిరిపోయినదని అప్పుడు గ్రహించితిమి. వినబడలేదని నాడే వ్రాసియున్నచో, ఆ కారణము మాకు నాడే తెలిసియుండెడిది.