బురద పూసిన నంబరు ప్లేటు

2011 సెప్టెంబరు నెలాఖరు. వరంగల్ మండీబజార్‌లో ఉంటున్న మా ఫుప్పూకు జబ్బు చేసిందని కబురు వచ్చింది. రోగిని పరామర్శించడం ముస్లింపై సాటి ముస్లింకు గల హక్కు. కానీ వెళ్ళేదెలా? ప్రత్యేక రాష్ట్రం కోసం ఆ నెల 13న మొదలైన సకల జనుల సమ్మెతో తెలంగాణ స్తంభించిపోయింది. బస్సులు డిపోలు దాటడం లేదు. రైళ్ళను నమ్ముకునే వీలు లేదు. అన్నదమ్ములం ఇద్దరం విజయవాడ నుండి మోటారుసైకిలుపైనే వెళ్ళాలని నిశ్చయించుకున్నాము.

ముందు ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయాలన్నది దైవప్రవక్త (సఅసం) బోధ. రాత్రివేళ ఒంటరి ప్రయాణాన్ని కూడా ఆయన వారించారు. అందుచేత ఫజ్ర్ నమాజు చేసుకొని, ప్రయాణ దుఆ చదువుకొని, పగటి వెలుతురులోనే గమ్యం చేరేలా బయలుదేరాము. ముందు ముందు బంకులు మూతపడి ఉండవచ్చునని ఖమ్మంలో ట్యాంకు నింపించాము. టీ కొట్టు కనిపించిన చోటల్లా ఆగి, ముందు దారి ఎలా ఉందో వాకబు చేశాము. ఎక్కడున్నదీ ఇంటికి ఫోను చేసి చెబుతూ వచ్చాము.

అంతవరకు మా జాగ్రత్త సబబే. పొరపాటు ఆ తరువాత జరిగింది. ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా బండి అని అప్పట్లో ఎవరైనా ఇట్టే పోల్చుకునేవారు. వరంగల్ బండికి ఏపీ 36 ఉండేది. మనసులో భయం పుట్టి, ఖమ్మం దాటాక ఒక కాలువ పక్కన ఆగి నంబరు ప్లేటుకు బురద పూశాము. ఎవరైనా అడిగితే ఖమ్మం వాళ్ళమని చెప్పాలనీ అనుకున్నాము.

మరిపెడ దాటిన తరువాత నడిరోడ్డుపై పొయ్యిలు కనిపించాయి. వంటావార్పు! ఊరంతా రోడ్డుపైనే కూర్చొని ఉంది. ఇంజను ఆపి, ముఖాలు కనబడేలా హెల్మెట్లు తీసి, బండిని నడిపించుకుంటూ దగ్గరికి వెళ్ళాము. ఒక ముసలాయన ప్లేటు వంక చూసి, "ఏ ఊరు బిడ్డా?" అన్నాడు.

అబద్ధం మా నాలుక చివరి దాకా వచ్చింది. అల్లాహ్ దయ వల్ల అన్నయ్య నోట నిజమే వెలువడింది. "విజయవాడ తాతా. వరంగల్‌లో మా మేనత్తకు బాగాలేదు."

ఆయన చెంబుతో నీళ్ళు పోసి, తన తువ్వాలతోనే ఆ బురద తుడిచాడు. "దాసుకొని పోయేటోన్ని జూస్తెనే అనుమానమొస్తది. మా కొట్లాట రాష్ట్రం కోసం. అత్తను జూడవోయే పిల్లలతోని మాకేం పని?" అన్నాడు.

వుజూకు నీళ్ళు ఇచ్చారు. వేపచెట్టు నీడన జుహర్ ఖస్ర్ చేసి రెండు రకాతులు చదువుకున్నాము. వేడివేడి అన్నం, పప్పు పెట్టి గాని కదలనివ్వలేదు. ఇద్దరు యువకులు ముందు నడిచి, అడ్డంగా పేర్చిన రాళ్ళు పక్కకు జరిపి దారి ఇచ్చారు. దారిలోని అడ్డును తొలగించడం ఈమాన్‌లో ఒక శాఖ అని చిన్ననాటి నుండి వింటున్నాము. ఆ రోజు ఆ పని మా కోసం ఇతరులు చేస్తుంటే తల వంచుకొని చూశాము.

ప్రతి గుంపూ అలాగే ఉంటుందని మేము అనము. ఆగ్రహంతో ఉన్న చోట వాదించకుండా వెనుదిరగడమే వివేకం. కానీ జాగ్రత్త వేరు, మోసం వేరు. ఆ తేడాను ఆ తాత మాకు నేర్పాడు.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. బండ్ల నంబర్లూ మారాయి. నేడు మా పిల్లలు బండిపై బయలుదేరితే మేము చెప్పేది మూడే మాటలు: ట్యాంకు నింపుకోండి, పొద్దుండగానే చేరండి, ప్లేటు శుభ్రంగా తుడుచుకోండి.